గదులు కట్టే ఎడిటర్



ఇవాళ ఒక పాత కంప్యూటర్ ప్రోగ్రామ్ గురించి చెప్పుకుందాం. ఇప్పుడు దాన్ని వాడేవాళ్ళు దాదాపు లేరు. ముప్పై ఏళ్ళ కిందట ఎవరూ పురమాయించకుండా, ఎవరూ పైసా ఇవ్వకుండా, కేవలం ఇష్టం కొద్దీ రాసిన ప్రోగ్రామ్ అది. కొన్నాళ్ళు దాన్ని మెరుగుపరుస్తూ వచ్చారు, తర్వాత ఆపేశారు. అలా ఆపేసిన ప్రోగ్రాములు లోకంలో లెక్కలేనన్ని. వాటిలో దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, వదిలేసిన పని ఎప్పుడు వృథా అవుతుంది, ఎప్పుడు కాదు అనే సంగతి దీని కథలో చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

దాని పేరు డూమ్ ఎడిటర్ యుటిలిటీ. పొట్టిగా డి.ఇ.యు. డూమ్ అనే కంప్యూటర్ గేముకు కొత్త లెవెల్స్ తయారుచేసుకోవడానికి అభిమానులు రాసుకున్న ఎడిటర్. గేములంటే పడనివాళ్ళు కూడా నిశ్చింతగా వినొచ్చు. ఈ కథలో కాల్పులు తక్కువ, కట్టుబడి పని ఎక్కువ.

ముందు ఆ గేము సంగతి. డూమ్ 1993 డిసెంబర్ 10న విడుదలైంది. తయారుచేసింది అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, మెస్కీట్ ఊళ్ళో ఉన్న ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ. ఆటగాడు తుపాకి చేతబట్టుకుని చీకటి నడవాల్లో తిరుగుతుంటాడు, మలుపు మలుపుకూ రాక్షసులు ఎదురవుతారు. మొదటి తొమ్మిది లెవెల్స్ ఉచితం. నచ్చితే డబ్బు కట్టి మిగతా పద్దెనిమిది తెప్పించుకోవాలి. దీన్నే షేర్‌వేర్ పద్ధతి అనేవారు. విడుదల రోజున గేమును విస్కాన్సిన్ యూనివర్సిటీ కంప్యూటర్‌లో పెడితే, కాచుకుని ఉన్న జనం తాకిడికి ఆ కంప్యూటర్ మొరాయించింది.

ఈ గేముకు ముందు ఏడాది, 1992లో, అదే కంపెనీ ఉల్ఫెన్‌స్టైన్ త్రీడీ అనే గేము తెచ్చింది. దాని ఫైళ్ళను కొందరు అభిమానులు పట్టుబట్టి విప్పి చూశారు. ఏ అంకె ఏ గోడకు సంబంధించిందో కనిపెట్టి, సొంతంగా ఎడిటర్లు రాసి, గేములో మార్పులు చేసుకున్నారు. ఇంకో కంపెనీ అయితే కోప్పడేదేమో. ఇడ్‌లో ముఖ్య ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ మాత్రం ముచ్చటపడ్డాడు. డూమ్ రాసేటప్పుడు గేము నడిపే ప్రోగ్రామును ఒక ఫైల్లోనూ, లెవెల్స్, బొమ్మలు, శబ్దాలను ఇంకో ఫైల్లోనూ పెట్టాడు. ఈ రెండో రకం ఫైలును వాడ్ ఫైలు అంటారు. అసలు గేము ఫైలును ముట్టుకోకుండానే, మనం చేసుకున్న చిన్న వాడ్ ఫైలును దాని పక్కన పెట్టి గేమును నడిపితే చాలు, పాత లెవెల్ బదులు మన లెవెల్ వస్తుంది. మనది తీసేస్తే గేము యథాప్రకారం ఉంటుంది.

సౌకర్యమైతే ఇచ్చాడు గానీ, ఒక చిక్కు మిగిలిపోయింది. డూమ్ లెవెల్స్ గీయడానికి కంపెనీకి సొంత ఎడిటర్ ఉంది, దాని పేరు డూమ్-ఎడ్. కంపెనీలోని మరో ప్రోగ్రామర్ జాన్ రొమెరో రాసినది. కానీ అది నెక్స్ట్ కంప్యూటర్ల మీద నడిచేది. స్టీవ్ జాబ్స్ ఆపిల్ నుంచి బయటికొచ్చాక పెట్టిన కంపెనీ తయారుచేసిన ఖరీదైన యంత్రాలవి. గేము ఆడేవాళ్ళ ఇళ్ళలో ఉన్నవి డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే మామూలు 386, 486 పీసీలు. కంపెనీ తన ఎడిటర్‌ను ఊరికే పంచిపెట్టినా వాళ్ళకు అక్కరకు రాదు. కావాలంటే సొంతంగా రాసుకోవాల్సిందే.

రాయడానికి ముందుకొచ్చినవాళ్ళు భూగోళానికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. న్యూజిలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ యూనివర్సిటీ విద్యార్థి బ్రెండన్ వైబర్. బెల్జియంలో లియేజ్ యూనివర్సిటీ విద్యార్థి రఫేల్ కినే. ఇంటర్నెట్ ఇంకా యూనివర్సిటీల గోడలు దాటి పెద్దగా బయటికి రాని రోజులవి. ఆ దారిలోనే ఒకరికొకరు, మరికొందరు అభిమానులు తోడై పని సాగించారు. వాడ్ ఫైలులో ఏముందో ఊహించి, పరీక్షించి, తేలినది రాసిపెట్టుకున్నారు. గేము వచ్చి ఏడు వారాలైనా నిండకముందే, 1994 జనవరి చివర్లో, డి.ఇ.యు. తొలి రూపం బయటికొచ్చింది. వాడ్ నిర్మాణాన్ని వివరించే అనధికార పత్రం ఒకటి కూడా అదే ఏడాది అభిమానుల చేతుల్లోకి వచ్చింది. రాసింది మ్యాట్ ఫెల్ అనే మరో అభిమాని.

ఇప్పుడు ఆ ఎడిటర్‌తో ఒక గది కడదాం. తెర మీద నల్లటి నేపథ్యం, దాని మీద గడులు. మనం గీసేది పైనుంచి చూసిన నమూనా, ఇంటి ప్లాను లాంటిది. డూమ్ తెర మీద మూడు కొలతల లోకంలా కనిపించినా లోపల ఉన్నది ఈ బల్లపరుపు ప్లానే. నేల ఎత్తు ఎంత, కప్పు ఎత్తు ఎంత అన్నవి ప్రతి గదికీ రెండు అంకెలు, అంతే. అందుకే ఆ గేములో గది మీద గది కట్టడం కుదరదు.

చదరపు గదికి నాలుగు మూలలు కావాలి. ఒక్కో మూలకు రెండు అంకెలు, నాలుగు బైట్లు. మూలల్ని కలుపుతూ నాలుగు గీతలు. ఒక్కో గీతకు పద్నాలుగు బైట్లు. ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, దాటి వెళ్ళొచ్చా లేదా, దాన్ని తడితే ఏం జరగాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. ఒక్కో గీతకు గది వైపు ముఖం మీద ఏ గోడ బొమ్మ అంటించాలో చెప్పడానికి ముప్పై బైట్లు. గది మొత్తానికి నేల, కప్పు, వెలుతురు వివరాలు ఇరవై ఆరు బైట్లు. ఆటగాడు ఎక్కడ నిలబడి మొదలుపెట్టాలో చెప్పడానికి పది బైట్లు. కూడితే 228 బైట్లు. ఒక గది, అందులో ఒక మనిషి, మొత్తం 228 బైట్లు!

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గోడ మీద అంటించే బొమ్మ మన ఫైల్లో ఉండదు. బొమ్మ పేరు మాత్రమే, ఎనిమిది అక్షరాలకు మించకుండా, ఉంటుంది. బొమ్మ కంపెనీ వాళ్ళ పెద్ద ఫైల్లోనే ఉంటుంది. రాక్షసులూ అంతే. ఇంప్ అనే నిప్పుబంతులు విసిరే రాక్షసుణ్ణి గదిలో పెట్టాలంటే 3001 అనే అంకె రాస్తే చాలు. షాట్‌గన్ కావాలంటే 2001. కాబట్టి అభిమానుల లెవెల్స్ చాలా చిన్న ఫైళ్ళు. నత్తనడక మోడెమ్‌ల కాలంలో కూడా అవి ప్రపంచమంతా తిరగగలిగాయంటే ఇదొక కారణం.

తలుపు పెట్టాలంటే? తలుపు కూడా ఒక చిన్న గదే. దాని కప్పును నేల దాకా దించేసి, ముందున్న గీతకు ‘తడితే తెరుచుకోవాలి’ అనే అంకె ఇస్తాం. ఆటగాడు తట్టగానే కప్పు పైకి లేస్తుంది. డూమ్‌లో తలుపులన్నీ పక్కకు కాకుండా పైకి లేచేది అందుకే. మెట్లు కట్టాలంటే ఒక్కో మెట్టూ ఒక్కో గది, నేల ఎత్తు కాస్త కాస్త పెంచుకుంటూ పోవాలి. అయితే ఒక్కో అడుగు 24 యూనిట్లు దాటితే ఆటగాడు ఎక్కలేడు, గోడలా అడ్డుపడుతుంది. కొత్తగా కట్టేవాళ్ళకు ఇలాంటి కొలతలు రెండు రోజుల్లో కంఠతా వచ్చేసేవి.

గీయడం అయ్యాక అసలు కష్టమైన ఘట్టం. ఆటగాడు నిలబడ్డ చోటునుంచి ఏ గోడ ముందు, ఏ గోడ వెనక అన్నది కంప్యూటర్ క్షణక్షణం తేల్చుకోవాలి. 486 లాంటి యంత్రం అన్ని గోడల్నీ ప్రతిసారీ పోల్చి చూడలేదు. కార్మాక్ ఇందుకు 1980లో ఫుక్స్, కెడెమ్, నేలర్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రకటించిన పద్ధతిని వాడుకున్నాడు. పొలం పంపకం లాంటిదే అది. పెద్ద కమతాన్ని అన్నదమ్ములు పంచుకుంటే మధ్యలో ఒక గట్టు పడుతుంది. తర్వాతి తరంలో ఒక్కో ముక్కలో ఇంకో గట్టు. ఇలా చీల్చుకుంటూ పోగా చివరికి మిగిలేవి ఎక్కడా లోపలికి వంపు లేని చిన్న చిన్న మడులు. మనిషి ఏ గట్టుకు ఏ పక్కన ఉన్నాడో వరసగా చూసుకుంటూ పోతే దగ్గరి మడి ఏదో, దూరపు మడి ఏదో దానంతటదే తేలిపోతుంది. లెవెల్‌ను ఇలా ముందుగానే చీల్చి పెట్టే ప్రోగ్రామును నోడ్ బిల్డర్ అంటారు. గేము నడుస్తున్నప్పుడు గోడలు పక్కకు జరిగితే ఈ పంపకమంతా తప్పిపోతుంది. అందుకే డూమ్‌లో నేలా కప్పూ కదులుతాయి గానీ గోడలు జరగవు.

ఈ నోడ్ బిల్డర్ లేకపోతే ఎంత అందంగా గీసినా లెవెల్ నడవదు. డి.ఇ.యు.లో ఒకటి పెట్టారు గానీ, దానికి మించినవి త్వరలోనే వచ్చాయి. బీ.ఎస్.పీ. అనే పేరుతో మరో అభిమాని విడిగా రాసిన నోడ్ బిల్డర్ బాగా ప్రచారంలోకి వచ్చింది. కార్మాక్ కూడా తాను వాడిన నోడ్ బిల్డర్ కోడ్‌ను 1994లోనే అందరికీ ఇచ్చేశాడు. ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. డాస్ అప్పటి రూపంలో ప్రోగ్రాముకు మామూలుగా ఇచ్చే జాగా 640 కిలోబైట్లు. డి.ఇ.యు. దానిలో ఇరుక్కుని, లెవెల్ పెద్దదయ్యేకొద్దీ జాగా చాలక ఆయాసపడేది. ఎక్కడైనా గోడకు బొమ్మ పేరు ఇవ్వడం మరిచిపోతే, అక్కడ ముందరి దృశ్యాలే ఒకదాని మీద ఒకటి పడి, అద్దాల మండపంలా తెర చెదిరిపోయేది. ఒకే చూపులో నేలల, కప్పుల ముక్కలు 128 దాటితే గేము మొత్తం ఆగిపోయేది. అయినా జనం వదల్లేదు. 1994 మార్చి 7న రెండు గదులు, మధ్య ఒక తలుపు ఉన్న చిన్న లెవెల్ ఒకటి తయారైంది. అభిమానులు చేసిన మొట్టమొదటి డూమ్ లెవెల్‌గా దాన్ని లెక్కిస్తారు. ఆ ఏడాది చివరికల్లా ఏలియన్స్ సినిమా వాతావరణంతో గేము రూపురేఖలే మార్చేసిన వాడ్ కూడా వచ్చేసింది.

కంపెనీ ఏమంది? ఇడ్‌లో కొందరికి భయం వేసింది. అభిమానులే లెవెల్స్ ఇస్తుంటే మనవి ఎవరు కొంటారు అని. కార్మాక్, రొమెరో మాత్రం అడ్డు చెప్పొద్దన్నారు. చివరికి ఒక రాజీ కుదిరింది. ఉచితంగా ఇచ్చిన తొమ్మిది లెవెళ్ళ గేము మీద ఎడిటర్లు పనిచేయకూడదు, డబ్బు పెట్టి కొన్న గేము మీదే పనిచేయాలి. డి.ఇ.యు. ఆ మాట పాటించింది. దాంతో కొత్త లెవెల్స్ మోజు గేము అమ్మకాలకే ఊతమయ్యింది. అంతటితో ఆగకుండా, బాగా కట్టేవాళ్ళను కంపెనీలు పిలిచి పని ఇచ్చాయి. ఇంట్లో కూర్చుని డూమ్ లెవెల్స్ కట్టిన టిమ్ విలిట్స్ 1995లో ఇడ్‌లోనే చేరాడు. అభిమానుల బృందాలు కట్టిన లెవెళ్ళతో 1996లో ఫైనల్ డూమ్ అనే పేరుతో అధికారిక గేమే వచ్చింది.

అన్ని చోట్లా ఇంత సామరస్యంగా సాగలేదు. డ్యూక్ న్యూకెమ్ త్రీడీ అనే మరో గేముకు అభిమానులు చేసిన 300 లెవెల్స్‌ను మైక్రోస్టార్ అనే కంపెనీ పోగుచేసి సీడీలో అమ్మింది. వ్యవహారం అమెరికా కోర్టుకెక్కింది. ఫైల్లో గేము బొమ్మ ఒక్కటీ లేదు కదా అని మైక్రోస్టార్ వాదన. 1998లో అప్పీలు కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. అదే కథానాయకుడి కొత్త సాహసాలు కాబట్టి ఇవి ఆ గేముకు కొనసాగింపులే, వాటి మీద హక్కు గేము సొంతదారుదే అంది. అంటే బొమ్మ పేరు మాత్రమే ఉన్న చిన్న ఫైలుకు కూడా యజమాని అనుమతి నీడ ఉంటుందన్నమాట. ఇడ్ ఆ అనుమతి ముందే ఇచ్చి ఉండకపోతే, డి.ఇ.యు. కథ మరో రకంగా ముగిసేది.

ఇప్పుడు ముగింపు దగ్గరికే వద్దాం. డి.ఇ.యు. 5.21 వెర్షన్ 1994లోనే వచ్చింది. ఎక్కువమంది వాడింది అదే. దాని తర్వాత ప్రయోగాత్మకంగా కొన్ని రూపాలు తిరిగాయి గానీ, ఆ స్థాయి విడుదల మళ్ళీ లేదు. విండోస్ 95 వచ్చింది, డాస్ వెనకబడింది, మంచి హంగులున్న ఎడిటర్లు పుట్టుకొచ్చాయి. డి.ఇ.యు. ఆగిపోయింది.

కానీ ఆగిపోయే ముందు వైబర్, కినే ఒక పని చేశారు. 1994లోనే డి.ఇ.యు. సోర్స్ కోడ్ మొత్తాన్ని జనానికి వదిలిపెట్టారు. ఎవరైనా ఏ ముక్కనైనా తీసుకుని తమ ప్రోగ్రాములో వాడుకోవచ్చు. కోరిందల్లా ఒక్కటి, ఎవరిదో పేరు చెప్పమని. ఆ కోడ్ ఊరుకోలేదు. దాన్ని అందుకుని కొందరు డాస్ మీదే మెరుగైన ఎడిటర్లు చేశారు. ఇంకొకరు దాన్నే యూనిక్స్ యంత్రాలకు మార్చి యాడెక్స్ అని పేరు పెట్టారు. యాడెక్స్ కోడ్‌ను తీసుకుని మరొకరు యురేకా అనే ఎడిటర్ రాశారు. యురేకా విండోస్, లినక్స్, మ్యాక్ మీద నడుస్తుంది. దాని కోడ్ ఫైళ్ళు తెరిస్తే పైనే కనిపిస్తుంది, ఇందులో డి.ఇ.యు. 5.21 నుంచి తీసుకున్న కోడ్ ఉందనీ, దాన్ని 1994లో కినే, వైబర్ జనానికి ఇచ్చారనీ. ఎడిటర్ పోయినా కొడుకులూ మనవలూ పుట్టుకొచ్చారు.

చుట్టరికం లేనివి కూడా ఉన్నాయి. నెదర్లాండ్స్‌కు చెందిన ఒక ప్రోగ్రామర్ డూమ్ బిల్డర్ అనే ఎడిటర్ విడిగా రాశారు. దాని రెండో వెర్షన్ కోడ్ తీసుకుని ఇంకొకరు కొత్త హంగులు చేర్చారు. కొన్నేళ్ళకు వాళ్ళూ తప్పుకున్నారు. కోడ్ అందుబాటులో ఉంది కాబట్టి మరికొందరు అందిపుచ్చుకున్నారు. అదిప్పుడు అల్టిమేట్ డూమ్ బిల్డర్ పేరుతో నడుస్తోంది, ఇవాళ డూమ్ లెవెల్స్ కట్టేవాళ్ళలో చాలామంది చేతిలో ఉన్నది అదే. ఇక్కడో విచిత్రం ఉంది. డూమ్-ఎడ్ రాసిన జాన్ రొమెరో ఇరవయ్యేళ్ళు పైబడిన విరామం తర్వాత 2016లో మళ్ళీ ఒక డూమ్ లెవెల్ కట్టాడు. అందుకు ఆయన పట్టుకున్నది అభిమానులు రాసిన డూమ్ బిల్డర్‌ను. తన పాత ఎడిటర్ నెక్స్ట్ కంప్యూటర్లతో పాటే మూలన పడిపోయింది మరి.

ఆలోచిస్తే ఇక్కడ నిలిచినవి రెండు. ఒకటి వాడ్ ఫైలు నిర్మాణం. అది ఎంత సూటిగా ఉందంటే, ఎవరో ఒకరు కూర్చుని బైట్లు లెక్కపెట్టి కాగితం మీద రాసేయగలిగారు. రెండోది, రాసినవాళ్ళు తమ కోడ్‌ను దాచుకోకపోవడం. ఈ రెండూ ఉన్నచోట ఏ ఒక్క ఎడిటర్ ఆగినా పని ఆగలేదు. కోడ్ ఇవ్వకుండా ఆగిపోయిన ఎడిటర్లు అదే కాలంలో చాలా ఉన్నాయి. వాటిని ఇప్పుడు చూడాలంటే పాత డాస్‌ను అనుకరించే ప్రోగ్రాములో బతికించి చూడాలి, అంతే. వాటిలో ఒక్క తప్పు దిద్దడానికి కూడా దారి లేదు.

మన భాషలోనూ ఇలాంటి ఉదాహరణ ఉంది. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో చదువుకుంటున్న తెలుగువాళ్ళు, ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాసే ఒక పద్ధతి తయారుచేశారు. ఆర్.టి.ఎస్. అంటారు దాన్ని. ఏ అక్షరానికి ఏ మీట అన్నది ఒక పట్టికగా రాసి అందరికీ ఇచ్చేశారు. ఆనాటి ప్రోగ్రాములు ఇవాళ ఎవరూ వాడటం లేదు. ఆ పట్టిక మాత్రం లేఖిని లాంటి ఉపకరణాల్లో ఇప్పటికీ నడుస్తూనే ఉంది. దాంతో తెలుగు టైపు చేసేవాళ్ళలో చాలామందికి అది రైస్ యూనివర్సిటీ పద్ధతి అని తెలియదు కూడా.

ఇవాళ మన హైదరాబాదులో, విశాఖలో, విజయవాడలో, దేశం దాటి వెళ్ళిన మనవాళ్ళలో, తీరిక వేళల్లో ఇష్టం కొద్దీ ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఎందరో ఉన్నారు. నిఘంటువులు, ఫాంట్లు, పిల్లల ఆటలు, పంచాంగాలు. వీటిలో ఎక్కువ భాగం ఏదో ఒకనాడు ఆగిపోతుంది. పెళ్ళవుతుంది, ఉద్యోగం మారుతుంది, ఉత్సాహం తగ్గుతుంది. అది తప్పేం కాదు. ఇష్టంతో మొదలుపెట్టినదాన్ని ఇష్టం తీరాక ఆపే హక్కు అందరికీ ఉంది. ఆపేముందు ఒక సాయంత్రం కేటాయించి, మీ ఫైలు లోపల ఏముందో మామూలు మాటల్లో ఒక పేజీ రాసిపెట్టండి. కోడ్‌ను నలుగురికీ దొరికే చోట ఉంచండి. ఎవరైనా తీసుకోవచ్చు, పేరు చెబితే చాలు అని ఒక్క వాక్యం చేర్చండి. లేకపోతే మీ తర్వాత వచ్చేవాళ్ళు ఆ పనంతా మొదటి బైటు నుంచి మళ్ళీ చేసుకోవాలి.